ఆరు సిలిండర్ల ఎక్కం

పుదుపేటలో మా షెడ్డు ముందు
బండి ఆగలేదు, చతికిలబడింది.
ఏ దొరల ఆఫీసువాళ్ళో వేలంలో వదిలించుకున్న
పాత అమెరికా పెట్రోలు ట్రక్కు,
ఇప్పుడు కాసిమేడు రేవుకి ఐసు మోస్తుంది.
జెబమణి చెప్పులు లేకుండానే దూకి
"మేస్త్రీ, లోడు కరుగుతోంది" అన్నాడు.
చెక్కల సందుల్లోంచి కారే నీళ్ళని
ఎండ పడ్డచోటే నాకేస్తోంది.

బానెట్ ఎత్తాను.
ఇంజను ఎక్కడుందో కాసేపు కనిపించలేదు.
అంతా రబ్బరు పైపులు,
ఒకదాని మీదుగా ఒకటి, నిన్నటి ఇడియాప్పంలా.
పొగని కడగడానికి ఎవరో పెద్ద చదువులవాళ్ళు
పద్ధతిగా అల్లినవే అన్నీ.
ఉప్పుగాలికి ఆ పద్ధతి పెళుసెక్కింది.
వేలితో నొక్కితే బిస్కెట్టులా విరిగింది.

స్టార్ట్ చేస్తే దగ్గుతూ తిరిగింది.
సైకిల్ ట్యూబు ముక్క చెవికి పెట్టుకుని
రెండో కొస పైపుల మీద తిప్పాను.
ఉస్స్, ఇక్కడ. ఉస్స్, ఇక్కడా.
పదకొండు చోట్ల ఊపిరి దొంగతనం.
గాలి పంపు బిగుసుకుపోయి బెల్టుని కొరుకుతోంది.
పొగని మళ్ళీ లోపలికి మళ్ళించే వాల్వు
మసి మింగి నోరు మూయడం మానేసింది.
ఇగ్నిషన్‌కి మెదడట, ఒక నల్లపెట్టె,
చల్లగా ఉంటే పలుకుతుంది, వేడెక్కితే మౌనవ్రతం.

"కొత్తవి దొరకవా అన్నా?"
పొన్ని షెడ్డులో చేరి ఆర్నెల్లు.
గోళ్ళ కిందికి గ్రీసు చేరింది గానీ
ప్రశ్నలు అరగలేదు.
"దొరికితే వాటి ధరకి ఇంకో బండొస్తుంది."

ఇక విప్పడమే.
పంపు తీశాం. పదహారు పైపులు తీశాం.
వాల్వు చోట పాత లారీ నంబరు ప్లేటు కత్తిరించి
అంకెలు లోపలివైపుకి పెట్టి మూసేశాం.
నల్లపెట్టె పీకి పాయింట్ల డిస్ట్రిబ్యూటరు దించాం.
పాయింట్లూ కండెన్సరూ కలిపి
చొక్కా జేబులో పట్టేంత.
ఫీలర్ గేజి కనపడక
29సి బస్సు టికెట్టు మడిచి సందు కొలిచాను.

"ఇదీ తీసెయ్యనా?"
పొన్ని వేళ్ళు ఇంజను నెత్తిమీది చిన్న వాల్వు పట్టుకున్నాయి.
చేతి మీద ఒకటేశాను, మెల్లగానే.
అది ఇంజను నిట్టూర్చే దారి.
మూస్తే లోపలి ఆవిరి లోపలే కుళ్ళి
నూనె జున్నవుతుంది.
సులువు చెయ్యడమంటే చేతికందిందల్లా పీకడం కాదని
నాకు చెప్పిన రజాక్ భాయ్
మూడు ఇంజన్లు పాడుచేశాకే తెలుసుకున్నాడు.

"ఏది ముందు మండాలి?"
ఒకటి, అయిదు, మూడు,
ఆరు, రెండు, నాలుగు.
బళ్ళో ఎక్కాలు ఎగ్గొట్టిన పిల్ల
ఇది మాత్రం నిద్రలో లేపినా చెబుతుంది.
టెస్టు ల్యాంపు మిణుకుమన్న చోట
డిస్ట్రిబ్యూటరు బిగించి తాళం తిప్పాం.

పట్టుకుంది.

పొన్ని ఈల వేస్తుంటే నేను వెనక్కి వెళ్ళాను.
గొట్టం నా కళ్ళలో మిరప్పొడి చల్లింది.
ఎదురుగా పూలు కట్టే సరోజక్క
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.
ఏమీ అనలేదు. అంటే బావుండేది.
మేం విప్పినవి చచ్చినవే, ఒప్పుకుంటాను.
బతికున్న రోజుల్లో మాత్రం
అవి ఆమె తరఫున పనిచేశాయి.

నా తెల్ల తుండు గొట్టానికి అడ్డం పట్టాను.
నల్లటి సున్నా.
కార్బురేటరు మర పావు తిప్పు బిగించి, మళ్ళీ.
ఇంకో పావు, మళ్ళీ.
ఆరో సున్నా టీ మరకలా తేలింది.
అంతకంటే తగ్గలేదు. తగ్గిందని చెప్పను.

జెబమణి డబ్బుతోపాటు ఒక ఐసుగడ్డ ఇచ్చాడు.
సరోజక్క మల్లెల బుట్టలో పెట్టి వచ్చాను.
విప్పినవన్నీ బల్లకింది డబ్బాలో చేరాయి.
మూత మీద పొన్ని సుద్దముక్కతో రాసింది:
పారెయ్యొద్దు.

తెల్లవారుజాము మూడింటికి
రాయపురం వంతెన మీద ఆ బండి పోతుంటే
చాప మీద పడుకునే లెక్కపెడతాను.
ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు,
నాలుగు దగ్గర చిన్న తడబాటు.
ప్లగ్గయ్యుంటుంది.
తుండు ఇంకా ఉతకలేదు.